ప్రమాద పరిహారం – పౌర ధర్మం

అనంతపురం జిల్లా వర్షాభావానికి పేరుపడిన సీమ. వాననే నమ్ముకొన్న వేరుశనగ చేతికందని ఏడు, మెట్ట గ్రామాల కూలీలు నీటివసతి గల తోటలను వెదుక్కుంటూ ఆటోలలో బయలుదేరుతారు. హైదరాబాదు, బెంగుళూరు నగరాలను కలిపే 44వ జాతీయ రహదారిపై ఉన్న గార్లదిన్నె ఈ రాకపోకలకు నిత్యసాక్షి. 2024 నవంబరు 23న ఈ మండలంలోని తలగాసిపల్లె వద్ద ఆర్టీసీ బస్సు, ఆటో ఢీకొన్నాయి. పుట్లూరు మండలం ఎల్లుట్ల నుండి కూలికి వచ్చినవారిలో కనీసం ఏడుగురు ప్రాణాలు కోల్పోయారు.

ఇంతటి ఘోరం జరిగితే లోకం కదులుతుంది. కాని ఒక్క కూలీకి కాలు విరిగితే పట్టించుకొనేవారెవరు? అటువంటి చోట రచ్చబండ రాజీయే తీర్పు అవుతుంది. వాహన యజమాని కొద్దిపాటి సొమ్ము చేతిలో పెట్టి కేసు వద్దంటాడు. బాధితుడు తల ఊపుతాడు. నెల తిరిగేసరికి సొమ్ము కరిగిపోతుంది. పోయిన పని శక్తి మాత్రం తిరిగి రాదు.

ఈ రాజీకి మూలం చాలవరకు భయమే. బీమా సంస్థకు తెలిపితే నేరం ఒప్పుకొన్నట్లేనని యజమాని భ్రమ. చట్టం చెప్పేది వేరు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 134వ సెక్షను ప్రకారం డ్రైవరు క్షతగాత్రులకు వైద్యసహాయం అందేటట్లు చూడాలి, పోలీసులకు తెలపాలి, బీమా సంస్థకు పాలసీ సంఖ్య, ప్రమాదం జరిగిన తేదీ, సమయం, స్థలం, గాయపడినవారి వివరాలు, తన పేరు, లైసెన్సు వివరాలు లిఖితపూర్వకంగా పంపాలి. ఇవి జరిగినదానిని తెలిపే విషయాలే కాని, తప్పెవరిదో తేల్చే తీర్పు కాదు. దాచిపెట్టిన యజమాని, తాను ఏటా ప్రీమియం చెల్లించి కొన్న రక్షణను తానే ప్రమాదంలో పడవేసుకొంటున్నాడు.

బాధితునికి కూడ మౌనం చేటే. 166వ సెక్షను కింద అతడు మోటారు ప్రమాద పరిహార ట్రిబ్యునలును ఆశ్రయించవచ్చు. 2022 ఏప్రిల్ 1 నుండి ఇందుకు ఆరు నెలల గడువు విధించారు. ఆ నిబంధన న్యాయస్థానంలో వివాదాంశమైనప్పటికీ జాప్యం శ్రేయస్కరం కాదు. 164వ సెక్షను కింద ఎదుటివారి తప్పు నిరూపించనవసరం లేకుండానే మరణానికి 5 లక్షలు, తీవ్రగాయానికి రెండున్నర లక్షల రూపాయల పరిహారం నిర్ణయించారు.

‘కోర్టుల చుట్టూ తిరిగే ఓపిక పేదవానికెక్కడిది?’ అనే ప్రశ్న న్యాయమైనదే. అందుకే స్త్రీలకు, షెడ్యూల్డు కులాలు, తెగలవారికి, అల్పాదాయ వర్గాలకు న్యాయసేవాధికార సంస్థలు ఉచితంగా సహాయం అందిస్తున్నాయి. పోలీసులు ప్రమాద ప్రాథమిక నివేదికను 48 గంటలలో ట్రిబ్యునలుకు, బీమా సంస్థకు పంపాలని 2022 నాటి నియమాలు ఆదేశిస్తున్నాయి. అయితే ఆసుపత్రి చీటీలు, రసీదులు భద్రపరచుకొనవలసిన బాధ్యత బాధితునిదే. లేని గాయాన్ని ఉన్నట్లు చూపడం మాత్రం నిజమైన బాధితునికి ద్రోహం చేయడమే.

పరిహారం భిక్ష కాదు, హక్కు. సమాచారమివ్వడం నేరాంగీకారం కాదు, కర్తవ్యం. ఈ రెండు మాటలు పల్లె గడపలకు చేర్చవలసినది చదువుకొన్న యువతే. ఇంటిలోని వాహనానికి బీమా గడువు ఎన్నటితో ముగుస్తుందో నేడే చూచుకొన్న విద్యార్థి ఆ కర్తవ్యంలో తొలి అడుగు వేసినవాడవుతాడు.