చేనుకు చిరునామా ఉంటేనే 108కు దారి

ఈ వారం విత్తనాల మాట, ఎరువుల మాట కాసేపు పక్కన పెడదాం. ఒక ప్రశ్న అడుగుతాను, జవాబు మనసులోనే చెప్పుకోండి.

తెల్లవారుజామున కరెంటు వచ్చిందని మీరు బోరు కాడికి పోయినారు. గట్టు మీద కాలు పెట్టగానే రక్తపింజర కాటేసింది. అదృష్టం కొద్దీ జేబులో ఫోను ఉంది, 108కు కొట్టినారు. అవతలి మనిషి మర్యాదగానే అడుగుతారు: "మీరు ఎక్కడ ఉన్నారండీ?" ఏం చెబుతారు?

ఊరి పేరు చెబుతారు. రెడ్డిపల్లి, కొత్తపల్లి అనే పేర్లు మన సీమలో ఎన్ని ఉన్నాయో మీకు తెలియనిది కాదు. జిల్లా అడిగితే పాత అలవాటు కొద్దీ అనంతపురం అంటారు. 2022 ఏప్రిల్ 4 నుంచి మన నల్లమాడ మండలం శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది. సరే, ఊరి నుంచి ఎటు రావాలి? "వంక దాటి, చింతమాను కాడ, మా చిన్నాయన వాళ్ల చేను పక్కన." మన ఊళ్లో పసిబిడ్డకు కూడా ఈ గుర్తులు తెలుసు. ఎక్కడో కంప్యూటరు ముందు కూర్చున్న మనిషికి మన చింతమాను ఎట్లా తెలుస్తుంది? తప్పు ఆ మనిషిది కాదు, మీదీ కాదు. ఇంటికి డోరు నంబరు ఉంది, చేనుకు చిరునామా లేదు. అసలు రోగం అదీ.

108 వచ్చి ఇరవై ఏళ్లు

మన రాష్ట్రంలో 108 సేవ 2005 ఆగస్టు 15న మొదలైంది. అంతకు ముందు కాటు పడిన మనిషిని మంచం మీదో, ఎద్దులబండిలోనో, ఎవరినైనా బతిమాలుకుని జీపులోనో కదిరికి చేర్చేవాళ్లం. ఆ కష్టం చూసినవాళ్లు 108ని తక్కువ చేసి మాట్లాడరు. 2020 జులై 1న రాష్ట్ర ప్రభుత్వం 108, 104 సేవలకు కలిపి 1,088 వాహనాలను రోడ్డెక్కించింది. 2019లో 112 అనే నంబరు కూడా మన రాష్ట్రానికి వచ్చింది. పోలీసు, అగ్నిమాపకం, వైద్యం అన్నింటికీ ఒకే నంబరు ఉండాలన్నది దాని ఉద్దేశం. దేశంలో దాన్ని మొదట 2018 నవంబరులో హిమాచల్ ప్రదేశ్‌లో ప్రారంభించారు.

ఇలాంటి నంబరు ప్రపంచానికి కొత్తది కాదు. లండన్‌లో 999 నంబరు 1937లోనే వచ్చింది. అమెరికాలో 911కు మొదటి కాల్ 1968 ఫిబ్రవరి 16న అలబామా రాష్ట్రంలోని హేలీవిల్ అనే చిన్న ఊరి నుంచి పోయింది. పట్నాలను కాదని చిన్న ఊరే ముందు నడిచింది, గమనించండి.

ఇంటర్నెట్ వస్తే ఏం మారుతుంది?

పాత పద్ధతిలో టెలిఫోన్ తీగ వెంట మాట మాత్రమే పోయేది. మనిషి ఎక్కడున్నాడో నోటితో చెబితేనే తెలిసేది. సెల్‌ఫోన్ వచ్చినాక టవర్‌ను బట్టి కొంత అంచనా కట్టవచ్చు. కానీ మన మెట్ట సీమలో టవర్‌కూ టవర్‌కూ మధ్య గుట్టలు, వంకలు, కిలోమీటర్ల కొద్దీ చేలు. ఆ అంచనాతో చేను దొరకదు, ఊరు దొరికితే గొప్ప.

ఇంటర్నెట్ ఆధారంగా నడిచే కేంద్రంలో మాటతో పాటు మీరున్న చోటు కూడా పోతుంది. స్మార్ట్‌ఫోన్ ఉపగ్రహాల నుంచి సంకేతాలు అందుకుని, తానున్న తావును కొన్ని మీటర్ల తేడాతో లెక్క కడుతుంది. మీరు అత్యవసర నంబరుకు కొట్టగానే ఆ లెక్క తనంతట తానే కేంద్రానికి చేరుతుంది. ఈ పద్ధతిని 2016లో బ్రిటన్, ఎస్టోనియా దేశాల్లో ఆండ్రాయిడ్ ఫోన్లకు పెట్టారు. మన దేశంలో ఉత్తరప్రదేశ్ 2025లో 112తో జోడించి ముందుకొచ్చింది. ఇంకో మేలుంది. నెట్ అందని చోట ఈ సమాచారాన్ని ఎస్సెమ్మెస్‌గా పంపే వీలు కూడా ఈ పద్ధతిలో ఉంది. మీ చేను, దగ్గర్లోని అంబులెన్సు, దారి మూడూ ఒకే తెర మీద కనబడితే వెతుకులాట తప్పుతుంది.

"ముందు బండ్లు పెంచండి, ఆస్పత్రుల్లో మందులు పెట్టండి, కంప్యూటర్లు తర్వాత చూద్దాం" అని కొందరు అంటారు. ఆ మాటలో న్యాయం ఉంది. పాము విషానికి మందు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో లేకపోతే అంబులెన్సు ఎంత తొందరగా వచ్చినా ఏం లాభం? కానీ చేను దొరక్క బండి నాలుగు రోడ్ల కూడలిలో నిలబడిపోతే, పక్కన ఇంకో బండి ఉన్నా అదీ అక్కడే నిలబడుతుంది. రెండూ కావాలి. ఒకటి చూపించి ఇంకోటి ఎగ్గొట్టకూడదు.

బటన్ ఫోను రైతు సంగతేమి?

నా అసలు భయం ఇక్కడ ఉంది. కొత్త ఏర్పాట్లన్నీ స్మార్ట్‌ఫోన్‌ను చూసి చేస్తున్నారు. రెండెకరాల వేరుశనగ రైతు, గొర్రెలు మేపుకునే పెద్దాయన, కూలికి పోయే ఆడమనిషి జేబులోనో కొంగులోనో పెట్టుకునేది బటన్ ఫోను. అందులో ఉపగ్రహాల లెక్క ఉండదు. యాప్ పెట్టుకోండి అని చెప్పి చేతులు దులుపుకుంటే, ఎక్కువ ఆపదలో ఉండేవాడే బయట మిగిలిపోతాడు.

దీనికి దారి లేకపోలేదు. మన చేను గుర్తులు సర్కారు దగ్గర ఇప్పటికే ఉన్నాయి. 2020 డిసెంబరులో మొదలైన భూముల రీసర్వేలో డ్రోన్లతో, ఉపగ్రహాల సాయంతో కొలిచి, పూర్తయిన గ్రామాల్లో ప్రతి కమతానికీ ఎల్‌పీఎం నంబరు ఇచ్చారు. బోరుకు కరెంటు సర్వీసు నంబరు ఉంది. 2025 మేలో తపాలా శాఖ డిజిపిన్ అనే పద్ధతి తెచ్చింది. దేశాన్నంతా నాలుగు మీటర్ల గళ్లుగా విడగొట్టి, ప్రతి గడికీ పది అక్షరాల, అంకెల గుర్తు ఇచ్చారు. మన హైదరాబాదులోని ఐఐటీ, ఇస్రో వారి ఎన్‌ఆర్‌ఎస్‌సీ దీంట్లో పాలు పంచుకున్నాయి. చేనుకు కూడా ఆ గుర్తు ఉంటుంది.

కాబట్టి మనం అడగాల్సింది పెద్ద కోరికేమీ కాదు. రైతు ఫోనులో ఎల్‌పీఎం నంబరో, సర్వీసు నంబరో, డిజిపిన్నో చదివితే 108, 112 కేంద్రాల తెర మీద ఆ చేను కనబడాలి. పన్ను కట్టించుకోవడానికీ, బిల్లు వసూలుకూ పనికొచ్చే నంబరు ప్రాణం కాపాడటానికి ఎందుకు పనికిరాకూడదు? ఆపదలో కొట్టిన కాల్‌కు తప్ప మన జాడను ఇంక దేనికీ వాడకూడదన్న షరతు కూడా ఉండాలి. గ్రామసభలో ఈ మాట ఎత్తండి. సోమవారం కలెక్టరేటులో అర్జీ ఇవ్వండి. ఒక్కడు ఇస్తే కాగితం, ఊరంతా ఇస్తే అర్జీ.

అంతవరకు మన చేతిలో ఉన్నది

సర్కారు చేసేదాకా కాళ్లు చాపుకుని కూర్చోవద్దు. మీ గ్రామం, పంచాయతీ, మండలం, కొత్త జిల్లా పేరు, ఎల్‌పీఎం లేదా సర్వే నంబరు, రోడ్డు మీద బండి ఆగాల్సిన చోటు ఒక కాగితం మీద రాసి స్టార్టరు పెట్టె లోపల అంటించండి. చదువుకునే పిల్లలుంటే డిజిపిన్ చూసి రాయమనండి. ఇంట్లో ఆడవాళ్లకూ, కూలీలకూ ఆ కాగితం సంగతి చెప్పండి. కాల్ చేసినాక ఒక మనిషిని రోడ్డు మీదికి పంపండి, రాత్రయితే బ్యాటరీ లైటుతో.

ఫోనులో మీ కంపెనీ సిగ్నల్ లేకున్నా "ఎమర్జెన్సీ కాల్స్ ఓన్లీ" అని కనబడితే 112 కొట్టి చూడండి, వేరే కంపెనీ టవర్ మీదుగా పోయే వీలుంది. 2017 నుంచి అమ్మే ఫోన్లలో ఆపద బటన్ ఉండాలని కేంద్రం నియమం పెట్టింది. బటన్ ఫోనులో 5 లేదా 9 అంకెను నొక్కి పట్టుకోవాలి. స్మార్ట్‌ఫోన్‌లో పవర్ బటన్‌ను మూడుసార్లు, కొన్ని ఫోన్లలో ఐదుసార్లు నొక్కాలి. ఉత్తినే నొక్కి చూడొద్దు, ఆ నిమిషంలో ఇంకొకరి కాల్ ఆగిపోతుంది.

పాము కరిస్తే కోయొద్దు, బిగించి కట్టొద్దు, మంత్రాలని పొద్దు పోగొట్టొద్దు. మనిషిని నడిపించకుండా, కాలు కదలకుండా పెట్టి ఆస్పత్రికి చేర్చాలి. కరెంటు షాక్ కొడితే మనిషిని ముట్టుకోకముందే సరఫరా తీయించాలి. కరెంటోళ్ల నంబరు 1912 కూడా ఆ కాగితం మీదే రాసుకోండి.

వాన మన చేతిలో లేదు, ధర మన చేతిలో లేదు. చేను ఎక్కడుందో చెప్పగలగడం మాత్రం మన చేతిలో ఉంది. ఈ ఆదివారమే స్టార్టరు పెట్టె తెరిచి ఆ కాగితం అంటించండి. అది ఎప్పటికీ అక్కరకు రాకూడదనే నేనూ కోరుకుంటాను.