శ్రోతలు పదకొండుమంది

రాజధానిలో తెలుగువారికి కొదవ లేదు; సంగీత సభలలోనే కొదవ. చాలా ఏళ్ల క్రితం పుష్యమాసపు చలిలో, కరోల్ బాగ్‌లోని ఒక చిన్న హాలులో జరిగిన త్యాగరాజ ఆరాధనకు వెళ్లాను. వేదికపై నలుగురు, ఎదుట నాతో కలిపి పదకొండుమంది. ఖాళీ కుర్చీలను చూసి విద్వాంసులు ఒక్క ఆవర్తమైనా తగ్గించలేదు.

మొదట పంచరత్నాలు. నాట రాగ కృతి సంస్కృతం; తక్కిన నాలుగూ తెలుగే. వాటికి పుస్తకం చూడకుండా గొంతు కలిపినవారు తమిళులు. ముగిశాక వారిలో ఒక పెద్దాయన, నేను తెలుగువాణ్ణని తెలిసి, వరాళి కృతిలోని ఒక మాటకు అర్థమడిగారు. చెప్పలేకపోయాను. ఖాళీ కుర్చీలకంటే ఆ మౌనమే నన్ను ఎక్కువగా బాధించింది.

దూరమనీ, బస్సులు దొరకవనీ అప్పట్లో సాకులు చెప్పుకొనేవాళ్లం. 2005 డిసెంబరులో కరోల్ బాగ్‌కు మెట్రో వచ్చింది. సాకు పోయింది, అలవాటు మిగిలింది.

త్యాగయ్య 1847లో తిరువయ్యారులో కన్నుమూశారు. ఆయన తెలుగును కావేరీ తీరవాసులు కంటికి రెప్పలా కాపాడుతున్నారు. అందులో మన వాటా ఎంత? రాబోయే ఆరాధనకు పిల్లలను వెంటబెట్టుకుని వెళదాం. వెళ్లేముందు ఆ నాలుగు కృతుల అర్థం మనమే ఒకసారి చదువుకుందాం.