వంగలేని అబ్బాయి పరుగెత్తలేడా?



ఈ నెల ఒక తల్లి రాసిన ఉత్తరం మా ముందుంది. తొమ్మిదో తరగతి చదివే వారి అబ్బాయి 100 మీటర్ల పందెంలో పరుగెత్తుతాడు. కానీ మోకాళ్ళు వంచకుండా కాలివేళ్ళు అందుకోలేడట. "ఒళ్ళు వంగనివాడికి వేగం ఎలా వస్తుంది?" అని తండ్రి రోజూ తెల్లవారగానే వాడిని కూర్చోబెట్టి, వీపు మీద చేతులు వేసి ముందుకు నొక్కుతున్నారట. ఇప్పుడు అబ్బాయికి తొడ వెనుక నొప్పి మొదలైంది. కుటుంబ ప్రార్థనలో కూడా తండ్రీ కొడుకులు ఎడమొహం పెడమొహంగా కూర్చుంటున్నారని ఆ సోదరి వాపోయారు.

అమ్మా, ఆ నొక్కడం ఈ రోజే ఆపించండి. నొప్పి తగ్గేవరకు అబ్బాయిని వేగంగా పరుగెత్తనివ్వకండి. తగ్గకపోతే డాక్టరుకు చూపించండి.

వేగం వంగడంలో లేదు. పాదం నేలను ఎంత బలంగా, ఎంత తక్కువ సమయంలో తన్నుతుందన్న దాంట్లో ఉంది. మంచి పరుగుగాడి పాదం ఒక్కో అంగలో నేల మీద ఉండేది సుమారు సెకనులో పదో వంతు మాత్రమే. ఆ కాస్త సమయంలో, పిక్కను మడమకు కలిపే అకిలెస్ టెండాన్ స్ప్రింగులా సాగి, వెంటనే ముడుచుకొని మనిషిని ముందుకు నెడుతుంది. స్ప్రింగుకు కొంత బిగువు ఉండాలి కదా! దూరపు పరుగుల వారిని పరీక్షించిన కొన్ని పరిశోధనల్లో, ఒళ్ళు కాస్త బిగువుగా ఉన్నవారే అదే వేగానికి తక్కువ ఆక్సిజన్ వాడుకున్నట్లు తేలింది.

అలాగని సాగదీయడం వ్యర్థం కాదు. అంగ వేయడానికి తుంటి, మోకాలు, చీలమండ స్వేచ్ఛగా కదలాలి. హర్డిల్స్ దాటేవారికి ఇంకా ఎక్కువ సాగుదల కావాలి. కానీ దానికి సమయం ఉంది. పందానికి ముందు ఒక్కో కండరాన్ని 60 సెకన్లకు మించి కదలకుండా సాగదీసి ఉంచితే, ఆ తరువాత కాసేపు దాని బలం, వేగం కొంత తగ్గుతాయి.

నొప్పి పూర్తిగా తగ్గాక ఈ క్రమం పాటించండి:

పరుగుకు ముందు 5 నుండి 10 నిమిషాలు మెల్లగా పరుగెత్తాలి. తరువాత కాళ్ళు ముందుకు వెనుకకు ఊపడం, మోకాళ్ళు ఎత్తి నడవడం, చిన్న గెంతులు. చివరగా 50 మీటర్ల దూరం మూడు నాలుగుసార్లు, ప్రతిసారీ కొంచెం వేగం పెంచుతూ.

పరుగు ముగిశాక, ఒళ్ళు వేడిగా ఉండగానే, పిక్కలను, తొడలను 20 నుండి 30 సెకన్లు నెమ్మదిగా సాగదీయాలి. కుదుపులు వద్దు. నొప్పి పుట్టేదాకా వద్దు. ఇంకొకరు నొక్కనే వద్దు.

1924 పారిస్ ఒలింపిక్స్‌లో 400 మీటర్ల పందెం 47.6 సెకన్లలో గెలిచిన ఎరిక్ లిడెల్ గురించి మన సండే స్కూలు పిల్లలు వినే ఉంటారు. ప్రభువు దినమున పరుగెత్తనని 100 మీటర్ల పందెం వదులుకొన్న భక్తుడాయన. తల వెనక్కి వాల్చి, చేతులు ఎటో విసురుతూ పరుగెత్తేవాడు. ఆ తీరు చూసి నవ్వినవారున్నారు. అయినా బంగారు పతకం ఆయనకే దక్కింది. దేవుడు ఒక్కొక్కరికి ఒక్కొక్క తీరు శరీరమిచ్చాడు.

సోదరుడా, కొడుకు గెలవాలన్న మీ ఆశ మంచిదే. కానీ పిల్లలను విసిగించి అధైర్యపరచవద్దని కొలస్సయులకు రాసిన పత్రిక 3వ అధ్యాయంలో పౌలు తండ్రులను హెచ్చరించాడు. రేపు ఉదయం మీ చేయి వాడి వీపు మీద కాక, తల మీద ఉంచి ప్రార్థించండి. తరువాత మైదానానికి కలిసి వెళ్ళండి. ఆ మొదటి పది నిమిషాల మెల్లని పరుగులో మీరూ వాడి పక్కన ఉండవచ్చు.

ప్రభువు మీ ఇంటికి సమాధానమిచ్చును గాక.