జమ చేసిన బందూకు, పట్టిన జంగ్

ఉర్దూలో యుద్ధాన్నీ జంగ్ అంటాం, తుప్పునీ జంగ్ అంటాం. రాతలో తేడా ఉంది. మొదటిది జీమ్‌తో, రెండోది జే అక్షరంతో రాస్తాం. పలకడంలోనూ తేడా ఉంది. తెలుగులో రాసేసరికి రెండూ ఒకటే అయిపోతాయి. మా బడే అబ్బా దీనిమీద ఒక మాట అంటుంటారు: "జంగ్ లేని రోజుల్లోనే బందూకుకి జంగ్ పడుతుంది బేటా. వాడని రోజుల్లోనే దాన్ని ఎక్కువ చూసుకోవాలి."

ఆయనకి దివిసీమలో కొంచెం పొలం ఉంది. రెండు నాలీల పన్నెండు బోర్ బందూకు కూడా ఉంది, పంట రక్షణ కింద లైసెన్స్. చెరకులో అడవిపందులు పడితే గాల్లోకి పేల్చడానికి తప్ప నాకు తెలిసి దాన్ని ఇంకెందుకూ తియ్యలేదు. ఆయన మీద ఒక్క కేసు లేదు, ఒక్క ఫిర్యాదు లేదు.

2024 మార్చి 16న ఎన్నికల షెడ్యూలు వచ్చింది. తర్వాత కొద్దిరోజులకే స్టేషన్ నుంచి ఫోన్, బందూకు తెచ్చి జమ చెయ్యమని. ఆయన ఎప్పట్లాగే శుభ్రం చేసి, నూనెగుడ్డతో తుడిచి, తీసుకెళ్ళి ఇచ్చి, రసీదు తెచ్చుకున్నారు. మే 13న పోలింగ్ అయింది, జూన్ 4న ఫలితాలు వచ్చాయి. బందూకు ఇంటికొచ్చేసరికి దగ్గర దగ్గర మూడు నెలలు. సంచీ విప్పితే నాలీ పొడుగునా గోధుమరంగు మచ్చలు, చీమలబారులా. లోపలికి గుడ్డ పెట్టి తోస్తే ఇటుకపొడి రాలినట్టు రాలింది. నలభై ఏళ్ళలో ఆయన చేతిలో ఎన్నడూ పట్టని జంగ్, మూడు నెలల్లో సర్కారు చేతిలో పట్టింది.

ఏ స్టేషనో చెప్పను. అక్కడి కానిస్టేబుళ్ళు చెడ్డవాళ్ళేం కాదు. వాళ్ళ కాగితాలకే చెమ్మ పడుతుంటే బందూకుల ఫిక్ర్ ఎవరికుంటుంది? నా సవాల్ ఒక మనిషి మీద కాదు, ఒక పద్ధతి మీద.

ముందు ఆ జంగ్ ఎలా పడుతుందో చూద్దాం. ఇనుముకి తుప్పు పట్టాలంటే గాలిలో ఆక్సిజన్, దాంతోపాటు నమీ ఉండాలి. వాన పడక్కర్లేదు. గాలిలో తేమ సుమారు 60 శాతం దాటితే చాలు, కంటికి కనపడని నీటిపొర ఇనుము మీద కూర్చుంటుంది. దానికి ఉప్పు తోడైతే తుప్పు ఇంకా తొందరగా పాకుతుంది, ఎందుకంటే ఉప్పు తేమని లాగి పట్టుకుంటుంది. మన డెల్టాలో ఈ రెండూ సమృద్ధి. బందరు, అవనిగడ్డ వైపు సాయంత్రం వీచే హవాలో సముద్రం ఉంటుంది. మనిషి చెమటలోనూ ఉప్పుంటుంది. ఒట్టి చేత్తో నాలీ పట్టుకుని తుడవకుండా పెట్టేస్తే కొన్నాళ్ళకి వేలిముద్రల ఆకారంలోనే తుప్పు లేస్తుంది. బందూకు మీద కనపడే ఆ నల్లటి నీలిరంగు కూడా ఇనుము తాలూకు ఆక్సైడే. కాకపోతే అది కావాలని పట్టించిన పలుచని పొర, కొంతవరకే కాపాడుతుంది. దానికి నూనె తోడుండాలి.

బడే అబ్బా పద్ధతి పెద్ద ఇల్మ్ ఏమీ కాదు. ముందు కార్తూస్ లేదని రెండుసార్లు చూస్తారు. తర్వాత గజంతో నాలీ లోపల బ్రష్, దాని వెనక పొడిగుడ్డ, ఆ వెనక నూనెగుడ్డ. నూనె అంటే మిషన్ నూనెలాంటి ఖనిజ తైలం, అదీ పలుచగా. కొబ్బరినూనె వద్దంటారు. అది కొన్నాళ్ళకి ముక్కిపోయి జిగురవుతుంది, దుమ్ము పట్టుకుంటుంది. నూనె ఎక్కువైనా ముప్పే, కారి కర్ర కుందాలోకి దిగి చెక్కని మెత్తబరుస్తుంది. తోలు సంచీ మోసుకెళ్ళడానికే, దాచడానికి కాదు. తోలు చెమ్మ పీలుస్తుంది, తోలు పదును పెట్టిన ఉప్పులూ ఆమ్లాలూ ఇనుముకి శత్రువులు. మందపాటి గుడ్డ సంచీ, స్పాంజి పెట్టె కూడా అంతే. సిమెంటు నేలకీ గోడకీ ఆనించకూడదు. బిగుతైన సందూక్‌లో, తాళం లోపల, సిలికా జెల్ సంచులు. రంగుగింజల రకమైతే నీలం గులాబీగా మారినప్పుడు దాని పని అయిపోయినట్టు. వేడిచేసి ఆరబెడితే మళ్ళీ పనికొస్తుంది. వానాకాలంలో పదిహేను రోజులకోసారి, మిగతా రోజుల్లో నెలకోసారి తీసి తుడవాలి. ఖర్చు నూనె సీసా, పాత బనీను, పావుగంట టైము. అంతే.

ఇది మనకి కొత్త విద్య కూడా కాదు. మన ఊళ్ళలో పీర్లని ఏడాది పొడుగునా ఎలా దాస్తారో చూడండి. మొహర్రం అయిపోయాక ముజావర్ వాటిని తుడిచి, గుడ్డ చుట్టి, పెట్టెలో పెడతాడు. మళ్ళీ ఏడాది ఆ పంజాలు తీసేటప్పుడు ఊరు ఊరంతా, హిందువులూ ముసల్మానులూ, చూస్తుంటారు. ఒక్క మచ్చ కనపడినా అడుగుతారు. అడిగేవాళ్ళున్నారని తెలుసు కాబట్టే అతను జాగ్రత్తగా ఉంటాడు. మాల్‌ఖానాని అడిగేవాళ్ళు లేరు.

బడే అబ్బాని నేనడిగాను, "మీరెందుకు అడగలేదు?" అని. ఆయన చాలాసేపు ఖామోష్‌గా ఉండి, "ఈ వయసులో, ఈ పేరు పెట్టుకుని, స్టేషన్‌కెళ్ళి బందూకు గురించి తకరార్ పెట్టుకోమంటావా?" అన్నారు. నా దగ్గర జవాబ్ లేదు. తుప్పు మచ్చలు ఎమరీ కాగితంతో పోతాయేమో గానీ, ఆ మాట నా లోపల నుంచి పోవడం లేదు. ఒక పౌరుడు తన సామాను పాడైందని చెప్పుకోవడానికి ముందు తన పేరు చూసుకోవాల్సి రావడం, అదీ జంగే.

అమానత్ అనేది మన దీన్‌లో చిన్న మాట కాదు. ప్రవక్త సల్లల్లాహు అలైహి వసల్లం‌ని మక్కావాసులు అమీన్ అని పిలిచేవారు. హిజ్రత్ రాత్రి తన ప్రాణం తియ్యడానికి పొంచి ఉన్నవాళ్ళ సామాన్లు కూడా ఆయన దగ్గర అమానత్‌గా ఉన్నాయి. వాటిని ఎవరివి వాళ్ళకి అప్పజెప్పడానికే హజ్రత్ అలీని వెనక ఉంచి వెళ్ళారు. ఫిఖ్‌లో ఈ ఖాయిదా స్పష్టంగా ఉంది: అమానత్ పెట్టుకున్నవాడు జాగ్రత్తగా చూసుకున్నా అది పోతే అతని మీద జుర్మానా లేదు. గఫ్లత్ వల్ల పాడైతే మాత్రం జిమ్మేదారీ అతనిదే.

చిత్రమేమిటంటే మన దేశ చట్టం కూడా ఇదే అంటుంది. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 151వ సెక్షన్ ప్రకారం, ఇతరుల సామాను తన దగ్గర పెట్టుకున్నవాడు, మామూలు వివేకం ఉన్న మనిషి తన సొంత సామానుని చూసుకున్నంత జాగ్రత్తగా దాన్ని చూసుకోవాలి. సర్కారుకీ ఇది వర్తిస్తుందా అన్నది పాత పంచాయితీ. 1964లో కస్తూరిలాల్ కేసులో సుప్రీంకోర్టు వర్తించదంది. 1947లో మీరట్ పోలీసులు ఒక వ్యాపారి బంగారం పట్టుకుని మాల్‌ఖానాలో పెట్టారు. దాని బాధ్యత చూసే హెడ్ కానిస్టేబుల్ బంగారంతో పాకిస్తాన్ పారిపోయాడు. అతను ముసల్మానే, దాచడమెందుకు? ఖయానత్‌కి మజహబ్ లేదు. ఆ వ్యాపారికి పైసా రాలేదు.

కానీ 1967లో అదే కోర్టు వేరే రాస్తా పట్టింది. గుజరాత్‌లో ఒక మెమన్ వ్యాపారి వాహనాలని జునాగఢ్ కస్టమ్స్ వాళ్ళు పట్టుకుని, దిక్కులేకుండా వదిలేసి, అప్పీలు తేలకముందే అమ్మేశారు. కాంట్రాక్టు లేకపోయినా, పట్టుకున్న సామానుని హిఫాజత్ చెయ్యడం సర్కారు విధి అని కోర్టు తేల్చింది. 1994లో మన ఆంధ్రప్రదేశ్ కేసే వచ్చింది. నాగేంద్రరావు అండ్ కంపెనీ ఎరువుల స్టాకుని 1975లో అధికారులు పట్టుకున్నారు. తిరిగిచ్చేసరికి అది పాడైపోయింది. ఉద్యోగుల నిర్లక్ష్యానికి రాష్ట్రం నష్టపరిహారం కట్టాల్సిందేనని సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి "సర్కారు దగ్గర పెట్టాక అంతే" అనే మాట చట్టంలో లేదు, మన అలవాటులో ఉంది.

ఇంకో మాట. ఎన్నికలప్పుడు అందరి బందూకులూ తెచ్చి కుప్ప పొయ్యాలని ఎన్నికల సంఘం కూడా చెప్పలేదు. లైసెన్సులని స్క్రీనింగ్ కమిటీ ఒక్కొక్కటిగా చూడాలి. బెయిల్ మీద ఉన్నవాళ్ళు, నేరచరిత్ర ఉన్నవాళ్ళు, గొడవల్లో పాల్గొన్నవాళ్ళు, ఇలాంటివాళ్ళ విషయంలో నిర్ణయం తీసుకోవాలి. 2024 మార్చిలోనే అలహాబాద్ హైకోర్టు, గుండుగుత్తగా అందర్నీ జమ చెయ్యమనడం కుదరదని చెప్పింది. కమిటీ పని కష్టం, ఫోన్ చెయ్యడం సులువు. అందుకే ఫోన్ వస్తుంది.

కొందరు దోస్తులు నవ్వుతారని తెలుసు. "బందూకుకి తుప్పు పడితే ఏడుస్తావేంటి భాయ్, ప్రపంచంలో అన్ని బందూకులకీ పట్టాలి గానీ" అంటారు. అమన్ కోరుకునే మనిషిగా ఆ మాట నాకూ ఇష్టమే. కానీ తుప్పు పట్టిన బందూకు అమన్ తీసుకురాదు. లోపల గుంటలు పడిన నాలీ బలహీనపడుతుంది, పేల్చినప్పుడు పగలొచ్చు. సేఫ్టీ బిగుసుకుపోవచ్చు, ట్రిగ్గర్ మొరాయించొచ్చు. అప్పుడు పోయేది పంది కాదు, పట్టుకున్న మనిషి చెయ్యి, పక్కనున్నవాడి కన్ను. ఆయుధాలు తగ్గాలంటే లైసెన్సులు తగ్గించండి. 2019 సవరణలో ఒకరికి మూడు నుంచి రెండుకి తగ్గించారు, మంచిదే. ఇచ్చిన లైసెన్సు కింద ఉన్నదాన్ని మాత్రం పాడుచేసి ఇవ్వకండి.

అసలు ఇది బందూకుల గురించి మాత్రమే కాదు. బెజవాడలో ఏ పోలీస్ స్టేషన్ ముందుకైనా వెళ్ళి నిలబడండి. పట్టుకున్న ఆటోలు, మోటార్ సైకిళ్ళు ఎండకి ఎండి, వానకి తడిసి, పిచ్చిమొక్కల్లో మునిగి ఉంటాయి. వాటిలో ఒక్కో ఆటో ఒక్కో ఇంటి రోటీ. మన మొహల్లాల్లో ఎంతమంది ఆటో నడుపుతారో, ఆటోనగర్‌లో ఎంతమంది రిపేర్లు చేస్తారో మనకి తెలుసు. కేసు గెలిచి తెచ్చుకున్న ఆటోని తూకానికి అమ్ముకున్నవాడు గెలిచినట్టా? పట్టుకున్న వాహనాలని స్టేషన్లలో ఏళ్ళ తరబడి ఉంచొద్దని, ఫోటోలూ పంచనామా తీసుకుని, పూచీ మీద తిరిగివ్వాలని సుప్రీంకోర్టు 2002లోనే సుందర్‌భాయ్ కేసులో చెప్పింది. చెప్పి ఇన్నేళ్ళయింది. ఇనుము మాత్రం ఎవరి కోసమూ ఆగదు.

నేనడిగేవి పెద్దవేం కావు. జమ చేసేవాళ్ళని కమిటీ ఒక్కొక్కరినీ చూసి తేల్చాలి. తీసుకునేటప్పుడు రసీదు మీద బందూకు ఉన్న హాలత్ రాసి, ఫోటో తియ్యాలి. మాల్‌ఖానాలో సిమెంటు నేల మీద కాకుండా చెక్క ర్యాక్ మీద, మూతపడే బీరువాలో, సిలికా జెల్‌తో పెట్టాలి. నెలకోసారి, కానిస్టేబుల్ ఎదురుగానే, హక్‌దార్ వచ్చి నూనెగుడ్డతో తుడుచుకోనివ్వాలి. ఆయుధ చట్టంలో లైసెన్స్ ఉన్న డీలర్ దగ్గర జమ చేసే రాస్తా కూడా ఉంది. ఎన్నికలప్పుడు కూడా దాన్ని తెరవాలి, ఆ మాట జనానికి ముందే చెప్పాలి.

లైసెన్స్ ఉన్నవాళ్ళకి కూడా ఒక మాట. ఇచ్చేముందు మీరే నాలుగువైపులా ఫోటోలు తీసుకోండి. రసీదు మీద "మంచి స్థితిలో ఉంది" అని రాయించుకోండి. లోపలా బయటా కొత్త నూనె పట్టించి ఇవ్వండి, తోలు సంచీలో ఇవ్వొద్దు. తెచ్చుకునేటప్పుడు అక్కడే విప్పి చూసుకోండి, మచ్చ ఉంటే అక్కడే రాతపూర్వకంగా చెప్పండి. మంచిగా, సలాం చెప్పి, నమస్తే చెప్పి అడగండి. కానీ అడగండి.

బడే అబ్బా ఆ బందూకుని వారం రోజులు కూర్చుని బాగుచేసుకున్నారు. పైమచ్చలు చాలావరకు పోయాయి. లోపల గుంటలు అలాగే ఉన్నాయి. ఆటోనగర్‌లో తెలిసిన మిస్త్రీ, ఇక దాన్ని పేల్చొద్దని చెప్పాడు. ఆయన ఇంకా నెలకోసారి తీసి తుడుస్తున్నారు. వచ్చేసారి ఫోన్ వచ్చినప్పుడు నేనూ ఆయనతో స్టేషన్‌కి వెళ్తాను, ఇన్షా అల్లాహ్. రసీదు మీద ఏం రాయాలో నేను చెప్తాను.