తోటలో నీడ ఉందిగా అనొద్దు

నూజివీడు తోటల్లో బంగినపల్లి, చిన్నరసాల కోత ఎక్కువగా ఎండలు ముదిరే ఏప్రిల్, మే నెలల్లోనే. చిక్కం పట్టేవాళ్లలో, కాయ ఏరి మోసేవాళ్లలో అరవై దాటినవాళ్లూ ఉంటారు. వయసు పైబడితే చెమట తగ్గుతుంది, దాహం అంతగా తెలియదు. బీపీ మాత్రల్లో కొన్ని ఒంట్లో నీటిని ఇంకా లాగేస్తాయి. చెట్టు నీడ ఉందిగా అంటారు. నీడ ఎండను ఆపుతుందే తప్ప వడగాలిని, ఉక్కను కాదు. 2015 మేలో వడగాలులు రెండు తెలుగు రాష్ట్రాల్లో వెయ్యికి పైగా ప్రాణాలు తీశాయి. ఉపాధి హామీ పనికి 2005 చట్టమే తాగునీరు, నీడ, ప్రథమ చికిత్స ఉండాలంది; పక్కనే ప్రైవేటు తోటలో అదే కూలీకి ఆ హామీ లేదు. పెద్దవాళ్లకే పరిమితులు పెడితే వాళ్లను పనికే పిలవరన్న భయం మాత్రం నిజమైనదే, దాన్ని తోసిపుచ్చలేం. అందుకే నియమం వయసుకు కాదు, వేళకు పెట్టాలి: వడగాలుల హెచ్చరిక ఉన్న రోజు పదకొండు నుంచి నాలుగు దాకా అందరికీ కోత ఆపాలి, కూలి తగ్గించకూడదు. కాయ ఆగదని గుత్తేదారు అంటాడు. పక్వానికొచ్చిన కాయ ఆగదు, నిజమే. కానీ తెల్లారగట్ల మొదలెట్టి సాయంత్రం ముగించే కోతకు అది అడ్డం కాదు. ఎండ వేళ కోసిన కాయ వేడి మీదే లారీ ఎక్కి త్వరగా మెత్తబడుతుంది కూడా. ఆ విరామపు కూలిని రైతు ఒక్కడి నెత్తిన రుద్దడం అన్యాయం. వడగాలులను విపత్తుగా చూసే ప్రభుత్వం అందులో వాటా భరించాలి.