మౌనము సమ్మతి కాదు

“ప్రజలే త్రాగుచున్నారు, ప్రజలే కోరుచున్నారు, మేమేమి చేయుదుము?” మద్యపు రాబడి నాశించు ప్రభువులు తరతరములుగా పలుకుచున్న మాట యిది. తెల్లదొరలు పలికిరి, వారి వెనుక వచ్చిన మనవారును పలికిరి. మద్యనిషేధ ప్రచారమునకై మైపాడు తీరమున తిరుగు మా బోంట్లకు ఊరి పెద్దలును ఇదియే యప్పగింతురు: “ఎవరును కాదనలేదు గదా!” కాదనకున్న ఒప్పుకొన్నట్లేనట!

ఈ వాదము బూటకమని తేల్చుటకు మన జిల్లాయే చాలును. దూబగుంట పల్లెలో 1990 తరువాత అక్షరాస్యతోద్యమపు బడి వెలసెను. వాచకములో సీతమ్మ కథ యను పాఠముండెను. సారాయిచే కూలిన కాపురము, ఏకమైన ఆడువారు, ఇదియే దాని సారము. కూలినాలి చేసికొను స్త్రీలు పలక పట్టి యది చదివి, తమ కథయే యని గుర్తించిరి. అందాక ప్రతి యిల్లాలును మగని త్రాగుడు తన నొసటి వ్రాత యనియు, పొరుగింటామె ఓర్చుకొనుచుండ తానేల నోరు విప్పవలెననియు తలపోయుచుండెను. పొరుగింటామెయు సరిగా నట్లే తలపోయుచుండెను! అందరును లోలోపల ఏవగించుకొనుచు, తక్కినవారెల్లరు సమ్మతించిరని నమ్మియుండు ఈ వింత స్థితిని మనస్తత్వ శాస్త్రజ్ఞులు 1930ల నాటికే గుర్తించి పేరు పెట్టిరి. పేరెట్లున్నను, కొంపలు కూల్చునది యదియే.

న్యాయస్థానములకు ఈ సంగతి ఏనాడో తెలియును. ఒక సాక్షి చెప్పుచుండగా తక్కిన సాక్షులను వెలుపల నుంచుట మా యాచారము; లోపల నుండనిచ్చినచో రెండవవాడు తాను చూచినది విడిచి మొదటివాడు చెప్పినదే చెప్పును. సాలమన్ ఆష్ అను ఆచార్యుడు అమెరికాలో 1951లో ప్రకటించిన పరీక్ష దీనినే కొలిచి చూపెను. గీతల పొడవు పోల్చుమని యడిగి, ముందుగా కూడబలుకుకొన్న కొందఱచే తప్పు చెప్పించెను. ఏమియు నెఱుగని విద్యార్థులు ఇంచుమించు మూడింట ఒక పర్యాయము ఆ తప్పునే పలికిరి. గుంపులో ఒక్కడు నిజము చెప్పిన మాత్రమున ఆ లొంగుబాటు నాలుగవ వంతునకు దిగెను. ఒక్కడు! దూబగుంటలో ఆ తొలి గొంతు ఒక వాచకము, పిదప రోశమ్మ.

అటుపిమ్మటి కథ జగద్విదితము. ఊరి దుకాణము మూతబడెను. జిల్లా యెల్ల స్త్రీలు లేచి, 1992లో సారాయి వేలముల నడ్డుకొనిరి. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతట సారాయి నిషిద్ధమయ్యెను. 1995 జనవరి 16న సంపూర్ణ మద్యనిషేధము వచ్చెను. 1997లో ఖజానా లోటు చూపి దానిని సడలించిరి. పాత పల్లవి మరల మొదలయ్యెను.

గుంపులో చేరినవాడు బుద్ధి గోల్పోవునని 1895లో లెబాన్ అను ఫ్రెంచి పండితుడు వ్రాసెను. ప్రజలు కదలినపుడెల్ల “మూక” యని యీసడించు దొడ్డవారికి నేటికిని ఆ మాటయే వేదము. అయ్యా, మన స్త్రీలు ఒంటరిగా నున్నన్నినాళ్లు తమ బుద్ధిని దాచుకొనిరి. కూడిన పిదపనే దానిని బయటపెట్టిరి. దీనికి పండితుడేమనును?

ప్రజలు కోరుచున్నారందురా? అట్లయిన నడుగుడు. రచ్చబండకడ పెద్దలయెదుట చేతులెత్తుమనుట అడుగుట కాదు. మహారాష్ట్రములో గ్రామస్త్రీలు కోరినచో రహస్య వోటుచే మద్యపు దుకాణమును మూయించు విధానమున్నది. అదే హక్కు నెల్లూరు తీరమున ప్రతి పల్లెకును ఇయ్యుడు. సాక్షులను విచారించునట్లు, ఒక్కొక్క యిల్లాలిని విడివిడిగా, చీటీతో నడుగుడు.