రక్తహీనతకు మూలికా వైద్యం: ఎలుకపై ఫలితం, మనిషికి సలహా

తెలంగాణలో 15–49 ఏళ్ల మహిళల్లో 57.6 శాతం మంది, 6–59 నెలల పిల్లల్లో 70 శాతం మంది రక్తహీనతతో ఉన్నారని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) వెల్లడించింది. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల్లో పొలం పనులు చేసే, బీడీలు చుట్టే మహిళలకు మునగాకు, గలిజేరు, పొన్నగంటి కొత్తవి కావు. వీటి గుణాన్ని ప్రయోగశాలలో పరీక్షించాలన్న విద్యార్థుల ఆసక్తి అభినందనీయం. అయితే ఆ పరీక్ష ఏ ప్రశ్నకు సమాధానమిస్తున్నదో ముందుగా గ్రహించాలి.

ఇటువంటి ప్రయోగాల్లో తరచుగా ఫినైల్ హైడ్రజిన్ అనే రసాయనంతో ఎలుకలకు రక్తహీనత కలిగిస్తారు. అది ఎర్ర రక్తకణాలను ధ్వంసం చేస్తుంది గాని శరీరంలోని ఇనుమును తరిగించదు. రసాయనం ఆపిన తరువాత ఎముక మజ్జ కొత్త కణాలను ఉత్పత్తి చేయగా, ఎలుక దానంతటదే కోలుకుంటుంది. కనుక కషాయం తాగిన ఎలుకల్లో హిమోగ్లోబిన్ పెరిగిందనడం చాలదు. తాగని ఎలుకల కంటే ఎంత త్వరగా పెరిగిందో చూపాలి. పైగా మన గ్రామాల్లోని ప్రధాన కారణం ఇనుప ధాతు లోపం. దానికి ఇనుము తగ్గించిన మేతపై పెంచిన ఎలుకలే తగిన నమూనా. అక్కడ కూడా జాగ్రత్త అవసరం. ఎలుక విటమిన్ సి ని తానే తయారు చేసుకుంటుంది, మనిషికి ఆ శక్తి లేదు. ధాన్యాల్లోని ఫైటేట్ మనిషిలో ఇనుము శోషణను అడ్డుకున్నంతగా ఎలుకలో అడ్డుకోదు.

మోతాదు మరొక చిక్కు. ఎలుకకు కిలో బరువుకు 200 మి.గ్రా. సారం ఇచ్చారనుకుందాం. వాడుకలోని పద్ధతిలో 6.2తో భాగిస్తే, 60 కిలోల మనిషికి రోజుకు సుమారు 1.9 గ్రాముల సారం కావాలి. పది గ్రాముల ఎండుటాకు నుంచి ఒక గ్రాము సారం వచ్చిందనుకుంటే, అది 19 గ్రాముల ఎండుటాకుకు సమానం. ఈ లెక్క వేయకుండా, విషప్రభావ పరీక్షలు జరపకుండా ‘ఫలానా ఆకు రక్తం పెంచుతుంది’ అని రైతు సదస్సులో చెప్పడం తగదు.

జగిత్యాల, సిరిసిల్లలలో వ్యవసాయ కళాశాలలు, కోరుట్లలో పశువైద్య కళాశాల ఉన్నాయి. మొక్క గుర్తింపు, ఆకులోని ఇనుము విశ్లేషణ ఒకచోట, నైతిక సంఘం అనుమతితో జంతు ప్రయోగం మరొకచోట జరిపితే, తక్కువ జంతువులతో నమ్మదగిన ఫలితం వస్తుంది. తప్పు ప్రశ్నకు బలి చేసిన ప్రతి ఎలుకా వృథాయే.

అంతవరకు విస్తరణ శాస్త్రవేత్తల సలహా స్పష్టంగా ఉండాలి: ఆకుకూరలను నిమ్మరసంతో కలిపి ఆహారంగా తినాలి, భోజనం చేసిన వెంటనే టీ తాగరాదు, ఆకును నమ్మి ఐరన్ మాత్రలు మానరాదు.